రెండొందల ఇరవై ఆరు కిలోమీటర్లు

మార్చి 4

అమ్మడూ,

నువ్వు అడిగిన పుస్తకం తీశాను. అది ఎప్పుడూ బండిలో స్టీరింగు పక్క అరలోనే ఉంటుంది. మీ అత్తయ్య ఎక్కడైనా సరుకుల చీటీ రాసి పాడుచేసిందేమోనని ఒకసారి మొత్తం తిరగేశాను. పాపం, రాయలేదు. నాలుగేళ్ళు, నూట తొంభై రెండు పేజీలు. నిండా చార్జింగ్ పెట్టిన ప్రతిసారీ ఎక్కడ బయల్దేరాను, ఎంత దూరం తిరిగాను, ఎంత మిగిలింది, అన్నీ నా చేత్తోనే రాశాను. జిరాక్సు తీయించి పంపుతున్నాను. అసలు పుస్తకం మాత్రం ఇవ్వను, అడగకు.

ఫోన్లో ఫోటోలు తీసి పంపమన్నావు. నువ్వు హాస్టల్లో చేరినప్పటి నుంచి మనిద్దరి మధ్య ఉత్తరాలే నడుస్తున్నాయి, ఇప్పుడెందుకమ్మా మార్చడం? ఫోన్ చేస్తే "ఊఁ, ఊఁ" అంటూ అటుపక్క ఇంకేదో పని చూసుకుంటావు. ఉత్తరమైతే కూర్చుని చదివి తీరాలి.

ఇక అసలు సంగతి. కొత్తలో మీ కంపెనీ కొలిచినప్పుడు నా బండి ఒక్క చార్జింగుకి రెండొందల నలభై కిలోమీటర్లు వెళ్ళింది. తొంభై వేల కిలోమీటర్లు తిరిగాక ఇప్పుడు రెండొందల ఇరవై ఆరు. అంటే పోయింది పద్నాలుగే! మా టాక్సీ స్టాండులో పొడుగాయన తెలుసుగా, బండి దిగేటప్పుడు మూడు మడతలు విప్పుకుని నిలబడే మనిషి. ఆయనదీ ఇదే బండి, నా దానికంటే రెండేళ్ళ తర్వాత వచ్చిన మోడల్. పొద్దున ఆయన, సాయంత్రం ఆయన బావమరిది నడుపుతారు కాబట్టి రెండేళ్ళకే అదీ తొంభై వేలు తిరిగింది. కొత్తలో మూడొందలు వెళ్ళేదట. ఇప్పుడు రెండొందల నలభై తొమ్మిది. యాభై ఒక్క కిలోమీటర్లు హాంఫట్!

"మూడో ఏడాది మోడల్, పెద్ద బ్యాటరీ" అని మొదట్లో తెగ మిడిసిపడ్డాడు. ఇప్పుడు నా పక్కన బండి ఆపడానికి మొహం చెల్లడం లేదు. "మా బండిలో బ్యాటరీని చల్లబరిచే గొట్టాలున్నాయే, అవి మా మేనకోడలు గీసిందండీ. మీ బండికి ఎవరు గీశారో మరి!" అని రోజుకోసారైనా అంటాను. అనకపోతే ఆ పూట నాకు టీ సహించదు.

మీ అమ్మ బాగానే ఉంది. నువ్వు వేళకి తినడం లేదని ఇక్కడ మా ముగ్గురి గట్టి నమ్మకం. మీ కంపెనీలో ఎవరైనా ఈ అంకెలు నమ్మకపోతే నా దగ్గరికి పంపు, మాట్లాడతాను.

నీ బండి తోలుకు బతికే
మావయ్య

మార్చి 13

మావయ్యా,

నీ కట్ట చేరింది. టేబుల్ మీద పరిచేసరికి మా విభాగం వాళ్ళంతా చుట్టూ మూగారు. "ఇది ఎవరి రాత? గోడ మీద అచ్చు వేసినట్టుంది" అన్నారు. "మా మావయ్యది" అని చెప్పి కాస్త కాలర్ ఎగరేశాను. డ్రైవర్లలో ఇన్నేళ్ళు తప్పకుండా లెక్క రాసినవాడు ఇంకొకరు మాకు దొరకలేదు.

ఈ పనంతా దేనికో నీకు వివరంగా చెప్పనే లేదు. వరసగా మూడేళ్ళలో వచ్చిన మూడు మోడళ్ళకీ, మోడల్‌కి మూడు చొప్పున తొమ్మిది టాక్సీలు తీసుకున్నాం. వయసులు వేరైనా అన్నీ తొంభై వేలు తిరిగినవే. కొత్తలో వెళ్ళిన దూరాన్ని వంద అనుకుంటే ఇప్పుడు ఎంత మిగిలింది అన్నది లెక్క. నీ బండికి తొంభై నాలుగు. పొడుగాయన బండికి ఎనభై మూడు. మూడేసి బండ్లూ కలిపి సగటు తీస్తే మొదటి ఏడాది మోడలే, అంటే నీ బండి మోడలే, పైన నిలిచింది! రెండో ఏడాదిది అట్టడుగున ఉంది, దాని గురించి ఎవరికీ పేచీ లేదు.

నీకు ఇన్నాళ్ళూ చెప్పని మాట ఒకటుంది. రెండో ఏడాది నుంచి నా గొట్టాలు తీసేసి, పక్క విభాగం ఆయన చేసిన చల్లబరిచే పలకలు పెట్టారు. తేలికగా ఉంటాయని, బిగించడం సులువని అన్నారు. మొదట్లో వాటిలో ఉన్న లోపాలు మూడో ఏడాదికి సరిచేశారు. ఆ రోజు ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. వచ్చే మోడల్‌కి గొట్టాలా పలకలా అన్నది ఏప్రిల్ ఇరవైన మీటింగులో తేలుస్తారు. మా పెద్దసారు నీ అంకెలు చూసి, "ఈసారి మీ గొట్టాలే అనుకుంటానమ్మా, విభాగం కూడా మీ చేతికే ఇస్తాం" అన్నారు. మావయ్యా, నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

ఒక్క చిన్న ప్రశ్న. నడివేసవిలో ఏ బండికైనా దూరం కాస్త తగ్గుతుంది. నీ పుస్తకంలో పోయిన వేసవిలో రెండొందల ఇరవై ఏడు, ఆ తర్వాత చల్లటి నెలల్లో రెండొందల ఇరవై ఆరు. అదెలా అని సారు అడిగారు. ఆ పేజీలు ఒకసారి సరిచూసి చెబుతావా? అత్తయ్యకి, అమ్మకి నా ముద్దులు.

నీ
అమ్మడు

మార్చి 22

అమ్మాయికి,

సరిచూడాలా? దేనితో సరిచూడమంటావు? ఆ అంకెలు రాసింది నేను. మీటరు చూసినవి ఈ కళ్ళు. మీ సారుకి వింతగా ఉంటే ఉండనీ, నీకెందుకమ్మా వింతగా ఉండాలి? మావయ్య కూర్చుని అంకెలు కల్పించాడని అనుకుంటున్నావా? అలా అయితే రెండొందల నలభై అనే రాసేవాణ్ణిగా, అడ్డేమిటి?

స్టాండులో నన్ను అడగని మాట లేదు. "మీ బండి అద్దాలు ఎప్పుడూ దించే ఉంటాయేం?" అంటాడు ఒకడు. "మీ చొక్కా ఎప్పుడూ తడిసే ఉంటుందేం?" అంటాడు ఇంకొకడు. మీ అత్తయ్య సంగతి చెప్పనే అక్కర్లేదు. ఉక్కపోత అని నా బండి ఎక్కడం మానేసి బజారుకి బస్సులో వెళ్తోంది, ఇంట్లో సొంత టాక్సీ పెట్టుకుని! వీళ్ళందరినీ భరిస్తున్నాను. నువ్వు కూడానా?

అంకెల్లో ఒక్కటి అబద్ధమైతే నా లైసెన్సు చించి పారేయ్. ఇంతకంటే రాస్తే నోరు జారతాను.

మావయ్య

మార్చి 30

మావయ్యా, మావయ్యా,

ముక్కు మీద కోపం తగ్గిందా? నీ అంకెలు అబద్ధమని నేను ఎక్కడ రాశాను? మళ్ళీ చదువుకో. సరిచూడమంటే పక్క లైన్లో అంకె ఈ లైన్లో పడిందేమో చూడమని. మా ఆఫీసులో పొద్దుట లేస్తే ఒకరి లెక్క ఒకరం సరిచూసుకుంటాం, ఎవరూ ఎవరి మీదా అలగరు.

కానీ నీ ఉత్తరం చదివాక నాకు అసలు విషయం అర్థమైంది. అద్దాలు దించి ఉండడం, చొక్కా తడవడం, అత్తయ్య బస్సెక్కడం. నీ బండిలో ఏసీ చెడిపోయింది, అందుకే వేసవిలోనూ దూరం తగ్గలేదు! ఎన్నాళ్ళయింది? నాకు చెప్పడానికి నామోషీ ఏమిటి? నేను చేసిన బండిలో లోపం ఉందంటే నేను బాధపడతానని దాచావు కదూ? నీ సంగతి నాకు తెలీదా?

మీ ఊళ్ళో మా కంపెనీ మెకానిక్కుతో మాట్లాడాను. గురువారం స్టాండుకే వస్తాడు. బాగు చేయించుకో, మొండికేయకు. ఈ లోపు నా రిపోర్టు మొదటి ప్రతి సారుకి ఇచ్చేశాను. ఏసీ ఎప్పటి నుంచి పనిచేయడం లేదో తేదీ రాయి చాలు, ఆ పేజీలు పక్కన పెడతాను. మిగతా ఏళ్ళతో పని జరిగిపోతుంది.

కోపం వచ్చినా నీదే,
అమ్మడు

ఏప్రిల్ 7

అమ్మడూ,

నీ మెకానిక్కు వచ్చాడు. నీలం చొక్కా, పెద్ద పెట్టె. స్టాండులో అందరూ చుట్టూ చేరారు. "ఏసీ చెడిపోయిందటగా" అన్నాడు. నేను నోరు తెరిచేలోగా బండిలో కూర్చుని బటన్ నొక్కాడు. గాలి రివ్వున వచ్చింది. చల్లగా! అతను నా మొహం చూశాడు, నేను నేల చూశాను. "బాబాయ్, ఇది కొత్త దానిలా ఉంది, అసలు వాడారా?" అన్నాడు. పొడుగాయన అయితే నవ్వలేక బండి మీద వాలిపోయాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇక దాచి లాభం లేదు. తేదీ అడిగావుగా, రాసుకో. బండి కొన్న మూడో రోజు నుంచి. ఆ రోజు ఎండలో ఏసీ వేశాను. డాష్‌బోర్డు మీద ఇంకా ఇంత దూరం వెళ్తుందని అంకె వస్తుంది కదా, అది చూస్తుండగానే ఆరు తగ్గింది. నాకు ప్రాణం ఉసూరుమంది. పక్క సీట్లో ప్రయాణికుడు, "ఇంతేనా వీటి సంగతి?" అన్నాడు. ఆయన బండిని అన్నాడు, నాకు నిన్ను అన్నట్టే వినిపించింది. ఠక్కున ఆపేశాను. అంతే, మళ్ళీ వేయలేదు. ఎవరైనా అడిగితే గాలికి కూర్చోండి, ఆరోగ్యానికి మంచిదని చెప్పాను. వంతెన ఎక్కాల్సిన బేరాలు వదులుకున్నాను. సిగ్నల్ ఎర్రగా ఉంటే అర కిలోమీటరు ముందు నుంచే కాలు తీసేస్తాను. స్పీడు చార్జింగ్ జోలికే పోను.

నేను రాసిన అంకెలు మాత్రం నిజం. బండి రెండొందల ఇరవై ఆరు వెళ్ళింది, వెళ్ళింది కాబట్టే రాశాను. అందుకని నా సలహా విను. ఎవరికీ ఏమీ చెప్పకు. నేను బండి ఎలా తోలానో మీ సారుకి తెలియాల్సిన పని ఏముంది? మెకానిక్కుకి నేను నచ్చచెబుతాను. నీ గొట్టాలు రావాలి, విభాగం నీ చేతికి రావాలి. నా మూర్ఖత్వం వల్ల నీకు రావలసింది ఆగిందంటే నేను తట్టుకోలేను, అమ్మడూ.

మావయ్య

ఏప్రిల్ 11

మావయ్యా,

నీ ఉత్తరం చదివి పడీ పడీ నవ్వాను, తర్వాత నవ్వు ఎక్కడో ఆగిపోయింది. నాలుగు వేసవులు! నా కోసం నాలుగు వేసవులు నువ్వు ఉడికిపోయావు. ప్రపంచంలో ఏ ఇంజనీరుకి ఇలాంటి మావయ్య ఉంటాడు? నిన్ను కోప్పడదామని కలం పట్టుకుని, నీ ఉత్తరమే మళ్ళీ చదువుతూ కూర్చున్నాను.

అయినా కోప్పడాలి. నీ అంకె నిజమే, కానీ అది బ్యాటరీ గురించి చెప్పడం లేదు, నీ కాలు గురించి, నీ చెమట గురించి చెబుతోంది. నీ బండి పక్కన పెట్టి లెక్కేశాను. మొదటి ఏడాదివి మిగతా రెండూ ఎనభై ఐదు దగ్గర ఉన్నాయి. మూడో ఏడాదివి, పొడుగాయనది కాక, ఎనభై ఎనిమిది దాటాయి. అంటే మోడళ్ళ వరస తారుమారవుతుంది. నీ అంకెని లెక్కలో ఎలా ఉంచమంటావు? ఉంచితే రేపు వేలమంది ఆ గొట్టాల బండి కొంటారు. వాళ్ళలో నీలా చొక్కా తడుపుకునేవాడు ఒక్కడూ ఉండడు.

పొడుగాయన అంకె మీదా నాకు అనుమానంగా ఉంది. ఆయన బండి నెత్తిన సామాన్ల చట్రం ఉందా? చూసి చెప్పు.

ఒక్క పని చేసిపెట్టు. వరసగా రెండు రోజులు, ఒకే వేళకి బయల్దేరి, ఊరి చుట్టూ ఉన్న రోడ్డు మీద ఒక రోజు నీ బండి, ఒక రోజు ఆయన బండి నడుపు. రెండూ నువ్వే నడపాలి. పక్కన ఆయన కూర్చోవాలి. అద్దాలు మూయాలి, ఏసీ ఇరవై నాలుగు మీద ఉండాలి, నెత్తిన ఏమీ ఉండకూడదు. కొత్త బండిని మేము కొలిచేదీ ఇలాగే. నిండా చార్జింగ్ పెట్టి, బండి ఆగేదాకా నడిపి, ఎంత వస్తే అంత రాయి. సారుకి జరిగింది చెప్పేశాను. ఇరవై లోపు అంకెలు రావాలన్నారు.

నీ చేతి మీద నాకు నమ్మకం ఉంది.

అమ్మడు

ఏప్రిల్ 16

అమ్మడూ,

నువ్వు చెప్పినట్టే చేశాను. పొడుగాయన బండి నెత్తిన చట్రమూ ఉంది, దానిమీద రెండేళ్ళుగా దించని ఇనప నిచ్చెనా ఉంది. "ఎప్పుడైనా పనికొస్తుందని" అన్నాడు. రెండూ దించేసరికి నడుం పట్టేసింది.

మొదటి రోజు నా బండి. ఏసీ వేసుకుని అద్దాలు మూశాను. నాలుగేళ్ళలో మొదటిసారి నా బండిలో నాకే చలేసింది. పొడుగాయన మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చుని, "ఇంత హాయిగా ఉందే, ఇన్నాళ్ళూ ఎవరి మీద కక్షండీ?" అన్నాడు. నూట ఎనభై దాటాక ఆయన కునుకు తీశాడు. నా వేలు బటన్ దగ్గరికి వెళ్ళింది, అమ్మడూ. అబద్ధం చెప్పను. ఒక్క పావుగంట ఆపితే నాలుగు కిలోమీటర్లు కలుస్తాయి, ఆయనకి తెలియదు, నీకు తెలియదు. కానీ ఎంత వస్తే అంత రాయమన్నావు. చెయ్యి వెనక్కి తీసుకుని స్టీరింగు మీద పెట్టాను.

రెండొందల నాలుగు దగ్గర, కళ్ళజోళ్ళ కొట్టు ముందు ఆగింది. నేనూ పొడుగాయనా పక్కకి తోశాం. మర్నాడు ఆయన బండి. అదే రోడ్డు, అదే ఏసీ. రెండొందల నాలుగు దగ్గర ఆ కళ్ళజోళ్ళ కొట్టు మళ్ళీ వచ్చింది, బండి ఆగలేదు. అలా పోతూనే ఉంది. రెండొందల అరవై నాలుగు. పొడుగాయన మాత్రం ఒక్క ముక్క ఎగతాళి చేయలేదు. టీ తెచ్చి నా చేతికిచ్చి పక్కన కూర్చున్నాడు.

నా దానికి వందకి ఎనభై ఐదు, ఆయన దానికి ఎనభై ఎనిమిది. మూడుసార్లు లెక్కేశాను, మారలేదు. ఇద్దరం సంతకాలు పెట్టిన కాగితం ఇందులోనే పెడుతున్నాను. నీకు అందకుండా పోస్టులో పోతే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది. అందుకే రిజిస్టరు చేయిస్తున్నాను. నన్ను క్షమించు తల్లీ.

మావయ్య

ఏప్రిల్ 21

మావయ్యా,

కాగితం పంతొమ్మిదిన చేరింది. నిన్న మీటింగు అయింది.

రిపోర్టు నేనే చదివాను. చివరి వాక్యం నీకు రాస్తున్నాను: "తొంభై వేల కిలోమీటర్ల తర్వాత మూడో ఏడాది మోడల్ బ్యాటరీ మొదటి ఏడాది దానికన్నా మెరుగ్గా నిలిచింది, కాబట్టి వచ్చే మోడల్‌కి పలకలే ఉంచాలి." కింద సంతకం నాదే. పక్క విభాగం ఆయన లేచి, "మొదటి ఏడాది గొట్టాలు గీసింది మీరే కదండీ?" అని అడిగారు. అవునన్నాను. ఆయన రిపోర్టు చివరి పేజీ తిప్పి, నా సంతకం చూసి కూర్చున్నారు.

విభాగం ఆయనకే వచ్చింది. నాకు మాత్రం కొత్త పని అప్పగించారు. ఇకమీదట రోడ్డు మీద బండ్లని ఎలా కొలవాలో పద్ధతి రాయాలి. మొదటి పేజీలో "ఎవరు నడిపారు, ఎలా నడిపారు" అన్న గడి పెట్టాను. దానికి కారణం ఎవరో నేను చెప్పక్కర్లేదు.

రాత్రి ఇంటికొచ్చాక ఏడుపు రాలేదు. ఎందుకో తేలిగ్గా ఉంది. నాకు దిగులంతా నీ గురించే. స్టాండులో ఇంతకాలం నా పేరు చెప్పుకుని తిరిగావు, ఇప్పుడు పొడుగాయన బండే మంచిదని నేనే తేల్చేశాను. నువ్వు తలెత్తుకోలేవేమోనని భయంగా ఉంది. ఈ ఉత్తరం చదివి చించేయ్, ఎవరికీ చూపించకు.

నీ
అమ్మడు

ఏప్రిల్ 29

నా బంగారానికి,

చించమన్నావు కానీ, నీ ఉత్తరం అందిన పూటే స్టాండుకి పట్టుకెళ్ళాను. టీ కొట్టు బెంచీ ఎక్కి నిలబడి మొదటి అక్షరం నుంచి చదవడం మొదలుపెట్టాను. ఆ ఒక్క వాక్యం రెండుసార్లు చదివాను, వెనక వరసలో చెవి సరిగ్గా వినపడని ఆయన ఉన్నాడులే. సంతకం మాట దగ్గరికి వచ్చేసరికి నా కళ్ళకి అక్షరాలు అలుక్కుపోతే కాగితం పొడుగాయన తీసుకుని మిగతాది చదివాడు. చదివి, మడతపెట్టి, నా జేబులో పెట్టి, "ఏం పిల్లనండీ!" అన్నాడు. ఇరవై రెండేళ్ళలో ఆ మనిషి ఎవరినీ మెచ్చుకోగా నేను వినలేదు.

నేను తలెత్తుకోలేనా? పిచ్చిదానా, మెడ నొప్పి పుడుతోంది ఎత్తుకుని. మీ అమ్మకి చదివి వినిపిస్తే కొంగుతో కళ్ళు ఒత్తుకుని, "ఇది ఎవరి పోలికరా?" అంది. నీ పోలికేనని చెప్పాను, నాది కాదని నాకు తెలుసు.

నిన్న ఒకాయన బండెక్కాడు. తనూ ఇలాంటిది కొనాలనుకుంటున్నాడట. ఎలా ఉంటుందండీ అని అడిగాడు. ఇదివరకైతే గంటసేపు ఊదరగొట్టేవాణ్ణి. ఇలా చెప్పాను: "ఇది మొదటి ఏడాది మోడలండీ. మూడో ఏడాదిది ఇంతకన్నా మంచిది, అదే కొనుక్కోండి." ఆయన ఆశ్చర్యపోయి, "సొంత బండి పెట్టుకుని అలా అంటారేమిటి? అంత ఖాయంగా ఎవరు చెప్పారు?" అన్నాడు.

"దీన్ని చేసిన ఇంజనీరే చెప్పిందండీ," అన్నాను. "మా మేనకోడలు."

మావయ్య